ఆ ముడి నేను వేసింది కాదు

"బొప్పాయి ఏమైనా తిన్నావేమో గుర్తు తెచ్చుకో" అంది మా పెద్దత్త ఫోన్లో.

తినలేదు. పైనాపిల్ కూడా తినలేదు. ఆఫీసులో ఎవరో ఇస్తే నువ్వులుండ ఒకటి తిన్నాను. స్కూటీ మీద వెళ్లాను, కానీ మెల్లగానే. లిఫ్ట్ పాడైన రోజు మూడో అంతస్తు దాకా మెట్లెక్కాను. ఈ లిస్టంతా అత్త అడక్కముందే నా దగ్గర రెడీగా ఉంది. 2024 ఆగస్టులో, తొమ్మిదో వారం స్కాన్‌లో, డాక్టరమ్మ మాట్లాడటం ఆపేసి తెరవైపే చూస్తూ ఉండిపోయిన క్షణం నుంచి నేను చేస్తున్న పని అదొక్కటే. గుర్తు తెచ్చుకోవడం.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. మా దగ్గర ఏదైనా సిస్టమ్ కూలిపోతే 'ఆర్‌సీఏ' రాయాలి. అంటే రూట్ కాజ్ అనాలిసిస్. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగింది. చివర్లో ఒక గడి ఉంటుంది: ఓనర్ ఎవరు? ఆ నెలంతా నా బుర్రలో ఆ ఫారమే తిరిగింది. ఓనర్ గడిలో నా పేరు నేనే రాసేసుకున్నాను.

మూడు వారాలకి ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. ట్రైసమీ 16. పదహారో క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయట. జెనెటిక్ కౌన్సెలర్ చాలా నెమ్మదిగా చెప్పారు. "తెలిసిన గర్భాల్లో నూటికి ఒకదాంట్లో ఇలా జరుగుతుందమ్మా. గర్భస్రావాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ట్రైసమీ ఇదే. దాదాపు ఎప్పుడూ అండం తయారీలోనే మొదలవుతుంది. మీరు తిన్నదానికీ, ఎక్కిన మెట్లకీ సంబంధం లేదు."

ఆవిడ నన్ను ఓదార్చడానికే అన్నారు. నాకు మాత్రం ఒక్క ముక్కే వినపడింది. అండం. అంటే నాదే కదా!

కొంగుముడి లాంటిది

తణుకు నుంచి అమ్మ వచ్చింది. వస్తూ గేదె వెన్న కాచిన నెయ్యి డబ్బా తెచ్చింది. నేను రాత్రిళ్లు ఫోన్లో ఏదో చదువుతూ కూర్చోవడం చూసి రెండో రోజే అడిగేసింది. "ఏంటే అది? నిద్ర మానుకుని మరీ చదువుతున్నావు?"

మియోసిస్ అంటే అమ్మకి తెలీదు. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. టెన్త్‌లో బొమ్మ గీసి మార్కులు కొట్టేసిన గుర్తు, అంతే. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవడంతో జీవశాస్త్రం పీడ విరగడైంది అనుకున్నా. అందుకే అమ్మకి చెప్తూ చెప్తూ నేనూ నేర్చుకున్నాను.

మన ఒంట్లో ప్రతి కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు. ప్రతి జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. అండంలోకో, వీర్యకణంలోకో వెళ్లేటప్పుడు మాత్రం సగమే వెళ్లాలి. ఒక్కో జతలోంచి కచ్చితంగా ఒక్కటి. అలా సగం చేసే విభజన పేరే మియోసిస్.

సగం చేయడం తేలికే అనిపిస్తుంది. కానీ ఆ జతలో ఇద్దరూ ముందు ఒకరినొకరు వెతుక్కోవాలి, పక్కపక్కన నిలబడాలి, ఆ తర్వాత చెరోవైపు వెళ్లాలి. వెళ్లే టైమ్ వచ్చేదాకా ఇద్దరూ విడిపోకూడదు. ముందే విడిపోతే ఎవరెటు పోవాలో కణానికి తెలీదు. ఇద్దరూ ఒకేవైపు పోయే ప్రమాదం ఉంది.

"మరి పట్టి ఉంచేదేంటి?" అంది అమ్మ.

క్రాసోవర్. రెండు క్రోమోజోములూ ఒకేచోట తెగి, అటు ముక్క ఇటు, ఇటు ముక్క అటు అతుక్కుంటాయి. దీనివల్ల జన్యువులు పేకముక్కల్లా కలుస్తాయని స్కూల్లో చెప్పారు. నాకూ మా చెల్లికీ ముక్కులు వేరుగా ఉండటంలో దీనిదీ ఒక చెయ్యి ఉంది. స్కూల్లో చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ అతుకే ఆ జంటని విడిపోకుండా పట్టి ఉంచే ముడి కూడా.

"పెళ్లిలో కొంగుముడి వేస్తారు చూడు, అలాగ" అన్నాను. అమ్మకి ఠక్కున అర్థమైపోయింది. పెళ్లికొడుకు ఉత్తరీయం, పెళ్లికూతురు కొంగు. ఏడడుగులు అయ్యేదాకా ఆ ముడి ఉండాలి. తర్వాత విప్పేస్తారు.

ఎక్కడ వెయ్యాలో ఎవరు చెప్పారు?

ఇక్కడే అమ్మ అసలు ప్రశ్న అడిగింది. "మరి ముడి ఎక్కడ పడాలో చెప్పేదెవరే? అంచుకి వేస్తే ఊడిపోదూ?"

నవ్వకండి. జన్యుశాస్త్రంలో వందేళ్లకు పైగా నలుగుతున్న ప్రశ్న ఇదే.

1911లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గాన్ ల్యాబ్ ఉండేది. ఈగల గది అని దానికి పేరు. అక్కడ ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ అని 19 ఏళ్ల డిగ్రీ కుర్రాడు. రెండు జన్యువులు ఎంత తరచుగా విడిపోతున్నాయో లెక్కేస్తే అవి ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది కదా అని వాడికి తట్టింది. కాలేజీ హోంవర్క్ పక్కన పడేసి రాత్రంతా కూర్చుని పండ్ల ఈగ క్రోమోజోమ్‌కి ప్రపంచంలోనే మొదటి మ్యాప్ గీసేశాడు. 1913లో అది అచ్చయింది.

ఆ లెక్కల్లోనే ఒక వింత బయటపడింది. ఒకచోట క్రాసోవర్ జరిగితే దాని పక్కనే ఇంకోటి జరగడం చాలా అరుదు. అదే ల్యాబ్‌లోని హెర్మన్ ముల్లర్ 1916లో దీనికి 'ఇంటర్‌ఫియరెన్స్' అని పేరు పెట్టాడు. పేరైతే పెట్టారు గానీ, ఒక ముడి పడిన విషయం అంత దూరంలో ఉన్న రెండో చోటుకి ఎలా తెలుస్తుంది? కణంలో ఫోన్లు లేవుగా!

చదివేకొద్దీ ఇంకా ఆశ్చర్యం. ముడి వేయడానికి కణం ముందు తన డీఎన్ఏని తానే కోసుకుంటుంది. స్పో11 అనే ప్రోటీన్ కత్తెరలా పనిచేస్తుంది. ఎలుక కణంలో ఇలాంటి కోతలు 200కి పైనే పడతాయి. చివరికి క్రాసోవర్లుగా మారేవి పాతిక దాకా. మిగతావన్నీ ముడి పడకుండానే మామూలుగా అతికిపోతాయి.

అంటే వందల చోట్ల ముడి పడే అవకాశం ఉంది. వాటిలోంచి కొన్నే ఎంపికవుతున్నాయి. ఆ ఎంపికకి మూడు నియమాలు. ప్రతి జతకీ కనీసం ఒక ముడి పడాలి. రెండు ముడులు పక్కపక్కనే పడకూడదు. మరీ ఎక్కువ పడకూడదు. మనుషుల్లో అండకణానికి సగటున 70, వీర్యకణాలు తయారయ్యే కణానికి 50 దాకా పడతాయి. 23 జతలకి అంతే. సీ ఎలిగాన్స్ అనే చిన్న పురుగైతే మరీ పిసినారి. దానికి ఆరు జతలు, జతకి దాదాపు ఎప్పుడూ ఒక్కటే ముడి.

టెస్టర్ బుర్ర కదా, నేను అనుకున్నది ఒకటే. ఎక్కడో ఒక కంట్రోలర్ ఉండాలి. లెక్కపెట్టే మాడ్యూల్ ఒకటి ఉండాలి. దాంట్లో బగ్ ఉండాలి. నా బగ్.

పూస కట్టిన నెయ్యి

అలాంటి కంట్రోలర్ ఎవరూ లేరని తెలిసిన రోజు నాకు బాగా గుర్తు. అమ్మ పప్పన్నంలో నెయ్యి వేస్తోంది. డబ్బాలో నెయ్యి పూసపూసగా ఉంది.

2021లో ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో, జాన్ ఇన్స్ సెంటర్ శాస్త్రవేత్తలు ఒక పేపర్ వేశారు. వాళ్లు చూసింది అరబిడాప్సిస్ అనే మొక్కని. ఆవాల కుటుంబంలోదే, చిన్న కలుపు మొక్క. దాంట్లో హెచ్ఈఐ10 అని ఒక ప్రోటీన్ ఉంది. మనలోనూ ఉంది. మియోసిస్ మొదట్లో క్రోమోజోమ్ జత పొడవునా ఈ ప్రోటీన్ చిన్నచిన్న చుక్కలుగా పరుచుకుని ఉంటుంది, ముగ్గు వేయబోతూ పెట్టిన చుక్కల్లా. కొన్ని గంటల తర్వాత చూస్తే ఆ చుక్కలు చాలావరకు మాయం. అక్కడొకటి, ఇక్కడొకటి పెద్ద చుక్కలు మాత్రం మిగులుతాయి. క్రాసోవర్లు పడేది సరిగ్గా ఆ పెద్ద చుక్కల దగ్గరే.

మధ్యలో ఏం జరిగింది? జంట క్రోమోజోముల నడుమ జిప్ లాంటి కట్టడం ఒకటుంటుంది. ప్రోటీన్ అణువులు దాని వెంట జారుతూ అటూ ఇటూ తిరుగుతుంటాయి. చిన్న చుక్కలోంచి అణువులు తేలిగ్గా బయటికి పోతాయి. పెద్ద చుక్క వాటిని పట్టేసుకుని వదలదు. కాబట్టి పెద్దది ఇంకా పెద్దదవుతుంది, పక్కనున్న చిన్నవి కరిగిపోతాయి. సూపర్‌మార్కెట్ వచ్చిన వీధిలో కిరాణా కొట్లు మూతబడ్డట్టు.

అంతే. ఫోన్లు అక్కర్లేదు, లెక్కపెట్టేవాడు అక్కర్లేదు. పెద్ద చుక్క చుట్టుపక్కల సరుకంతా లాగేసుకుంది కాబట్టి దాని పక్కన ఇంకో పెద్ద చుక్క ఎదగలేదు. అదే ఇంటర్‌ఫియరెన్స్. సరుకంతా చివరికి ఎక్కడో ఒకచోట పోగవ్వాల్సిందే కాబట్టి ప్రతి జతకీ కనీసం ఒక పెద్ద చుక్క మిగులుతుంది. అదే కనీసం ఒక ముడి.

దీన్ని పరీక్షించే దారి కూడా ఉంది. మొక్కలో హెచ్ఈఐ10 మోతాదు పెంచితే ముడులు ఎక్కువయ్యాయి. ఆ జిప్‌లోని జైప్1 అనే ప్రోటీన్‌ని తీసేస్తే దూరం పాటించడమే పోయింది, ముడులు పక్కపక్కన పడ్డాయి. క్రోమోజోమ్ పొడవునా పాకే ఒత్తిడి వల్ల ముడులు సర్దుకుంటాయని హార్వర్డ్‌లో నాన్సీ క్లెక్నర్ బృందం అంతకుముందే ఇంకో వివరణ ఇచ్చింది. ఈ రెండు ఆలోచనల మధ్య చర్చ సాగుతూనే ఉంది. కానీ రెండింటిలోనూ పైనుంచి ఆర్డర్లు వేసే బాస్ లేడు.

"అమ్మా, నెయ్యి పూస కట్టేటప్పుడు ఏ పూస ఎక్కడ కట్టాలో నువ్వు చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? కాచి పక్కన పెడతాను. నెమ్మదిగా చల్లారితే అదే కడుతుంది."

"ఇదీ దాదాపు అంతే."

అమ్మ ఒక చెంచా నెయ్యి తీసి వెలుతురులో పెట్టి చూసింది. "ఒక్కోసారి కట్టదు కూడా" అంది.

అవును. ఒక్కోసారి కట్టదు.

అమెరికాలో టెర్రీ హాసోల్డ్ బృందం 1990ల్లోనే ట్రైసమీ 16 కేసులను పరిశీలించింది. అలాంటి అండాల్లో క్రాసోవర్లు మామూలుగా ఉండాల్సిన తీరులో కాకుండా క్రోమోజోమ్ చివరలవైపు జరిగి ఉన్నాయి. అంటే అంచుకి వేసిన ముడి. డౌన్ సిండ్రోమ్‌కి కారణమయ్యే ట్రైసమీ 21లోనైతే కొన్నిసార్లు అసలు ముడే పడలేదు, కొన్నిసార్లు చివరన పడింది. అమ్మ మొదటి రోజు అడిగిన మాట అక్షరాలా నిజం. అంచుకి వేస్తే ఊడిపోతుంది.

నాకు జరిగింది అదేనా? నా ఒక్క అండంలో ముడి ఎక్కడ పడిందో నా రిపోర్టు చెప్పదు. అలా జరిగే దారి అదీ, అంతవరకే.

1992 చివర్లో

అయితే ఒక రాత్రి ఇంకో విషయం చదివాను. చదివి లేచి కూర్చున్నాను.

మగవాళ్లలో ఈ ముడులు పడే పని యుక్తవయసు నుంచి రోజూ జరుగుతూనే ఉంటుంది. ఆడవాళ్లలో అలా కాదు. మన అండాలన్నిటిలో ముడులు పడటం మనం పుట్టకముందే, అమ్మ కడుపులో ఉండగానే అయిపోతుంది. దాదాపు మూడో నెల చివర్లో మొదలై, పుట్టేనాటికి పని ముగుస్తుంది. ఆ తర్వాత అండం అక్కడే ఆగిపోతుంది. ముడి పడిన జంటలు అలాగే, కొంగులు కట్టుకునే, పదిహేనేళ్లో ముప్ఫై ఏళ్లో ఎదురుచూస్తూ ఉంటాయి. విడుదలయ్యే నెలలో మాత్రమే ఆ అండం విభజన మళ్లీ మొదలవుతుంది.

నేను 1993 ఫిబ్రవరిలో పుట్టాను. అంటే నా అండాల్లో ముడులన్నీ 1992 చివర్లో పడ్డాయి. తణుకులో, అమ్మమ్మ వాళ్లింట్లో, అమ్మ కడుపులో. నేను బొప్పాయి అనే పండు ఉందని తెలుసుకోవడానికి చాలా ముందు.

నాకు ఏడుపొచ్చింది. బాధతో కాదు. మొదటిసారి ఓనర్ గడిలోంచి నా పేరు కొట్టేశాను.

పొద్దున్నే ఉత్సాహంగా అమ్మకి చెప్పాను. అమ్మ కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆగిపోయింది.

"అయితే నా కడుపులోనా?"

నేను ఏదో అనేలోపే అంది. "ఆరో నెలలో నాకు టైఫాయిడ్ వచ్చిందే. పదిరోజులు మాత్రలు మింగాను. మీ అమ్మమ్మ వద్దంటూనే ఉంది."

ముప్ఫై రెండేళ్ల కిందటి జ్వరం. ఆ క్షణంలో నా తప్పేంటో అర్థమైంది. నేను గడిలో నా పేరు కొట్టేశాను గానీ గడిని అలాగే ఉంచాను. ఖాళీ గడి కనిపిస్తే ఎవరో ఒకరు వచ్చి సంతకం పెడతారు. మన ఇళ్లల్లో ఆ సంతకం పెట్టేది ఎప్పుడూ ఆడవాళ్లే.

ఆ వారం అమ్మని తీసుకుని మళ్లీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ అమ్మ పక్కకి కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. "మీ అమ్మాయి మీ కడుపులో ఐదో నెలలో ఉన్నప్పుడు తన అండాశయాల్లో అరవై, డెబ్భై లక్షల కణాలు ఉంటాయమ్మా. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు మిగులుతాయి. ప్రతి కణమూ తన ముడులు తానే విడిగా వేసుకుంటుంది. ఏ రెండింటిలోనూ ఒకేలా పడవు. అన్నింట్లో ఏ ఒక్కటీ తప్పకుండా పడటం ఏ ఆడదాని విషయంలోనూ జరగదు. మీ జ్వరం దీన్ని తెచ్చిందనడానికి ఆధారమే లేదు."

తర్వాత వయసు గురించి కూడా చెప్పారు. ముడి సరైన చోట పడినా, దాన్ని జారకుండా పట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ సడలుతుంది. అందుకే అమ్మ వయసు పెరిగేకొద్దీ ఇలాంటివి ఎక్కువవుతాయి. అయినా ఒకసారి ఇలా జరిగితే మళ్లీ ఇలాగే అవుతుందని కాదు, చాలామందికి తర్వాత మామూలుగానే కాన్పు అవుతుంది అన్నారు.

అమ్మ అన్నీ విని ఒకటే అడిగింది. "మరి ఇది పుట్టిన అండం?"

"అది మీ అమ్మగారి కడుపులో మీరున్నప్పుడు తయారైంది."

అమ్మ 1968లో పుట్టింది. అంటే నన్ను తయారుచేసిన ఆ అండంలో ముడులు పడేనాటికి అమ్మమ్మ వయసు పంతొమ్మిది. అమ్మమ్మ పోయి ఆరేళ్లయింది. ఇంటికొచ్చే దారిలో ఆటోలో అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లక్డీకాపూల్ దాటాక అంది. "మా అమ్మకి ఇది తెలిస్తే ఎంత మురిసిపోయేదో."

అదే చుక్కలు, అదే జారుడు, అదే ముడులు. నేను పుట్టినప్పుడు ఆ పని బాగా కుదిరింది. 2024 ఆగస్టులో కుదరలేదు. రెండుసార్లూ ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఒకదాన్ని అదృష్టం అని, రెండోదాన్ని నా తప్పు అని ఎలా అంటాను?

ఈమధ్య మా టీమ్‌లో ఒక జూనియర్ అమ్మాయికి ఇలాగే జరిగింది. లంచ్‌లో పక్కన కూర్చుని చిన్నగా అడిగింది. "అక్కా, నేను జిమ్‌కి వెళ్లినందుకా?" తనకి హెచ్ఈఐ10 గురించి చెప్పలేదు. "రిపోర్టు తీసుకో, కౌన్సెలర్‌ని కలువు, ఈలోపు లిస్టు రాయకు" అన్నాను. మీలో ఎవరైనా అలాంటి లిస్టు ఫోన్ నోట్స్‌లో దాచుకుని ఉంటే మీకూ అదే మాట. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల లెక్క తప్పడమే. ఆ లెక్క పండు తినడం వల్ల తప్పదు, మెట్లెక్కడం వల్ల తప్పదు.

'ఇప్పుడు విశేషమా?' అని అడక్కండి. అది చెప్పడానికి కాదు ఇదంతా రాసింది.

మొన్న వైశాఖంలో పిన్ని కూతురి పెళ్లి తణుకులో. పంతులుగారు కొంగుముడి వేస్తున్నారు. ఫోటోగ్రాఫర్ అడ్డొస్తుంటే పక్కకి వంగి అమ్మ నా చెవిలో అంది. "కాస్త లోపలికి వెయ్యమనవే. మరీ అంచుకి వేస్తున్నాడు."

నేను నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. పంతులుగారు మాత్రం ఆయన పని ఆయన చేసుకుపోయారు.